ఇటాలియన్ వెస్ట్రన్ సినిమా

1960ల మొదట్లో పుట్టి, 1970ల చివరికల్లా దాదాపుగా ఆగిపోయిన సినిమాల ధోరణి ఇది. కథ అమెరికా పశ్చిమ ప్రాంతంలోనో మెక్సికో సరిహద్దులోనో నడుస్తుంది. తీసినవాళ్లు మాత్రం రోమ్ నగరం వాళ్లు. ఇసుక, కొండలు స్పెయిన్‌వి. డబ్బు ఎక్కువగా ఇటలీ, స్పెయిన్, పశ్చిమ జర్మనీ నిర్మాతలు తలా కాస్త వేసుకుని పెట్టినది. పదిహేనేళ్లలో ఇలాంటివి అయిదు వందల దాకా వచ్చాయని సినిమా చరిత్రకారుల అంచనా. బయటి దేశాల విమర్శకులు వీటిని వెక్కిరింతగా స్పాగెట్టీ వెస్ట్రన్లు అన్నారు, జపాన్‌వాళ్లు మాకరోనీ వెస్ట్రన్లు అన్నారు. తర్వాత వెక్కిరింత పోయింది, పేరు మిగిలింది.

వీటిలో చాలా భాగం హడావుడిగా చుట్టేసిన సరుకే. ఒక పాత్ర పేరు ఆడిందంటే, ఆ పేరు పెట్టి మరో డజను సినిమాలు దించేసేవారు. అయినా ఓ పాతిక ముప్ఫై సినిమాలు ఇవాళ్టికీ కొత్తగానే ఉన్నాయి. వాటి వెనక ఉన్న దర్శకులు ఒక్కొక్కరిదీ ఒక్కో స్వభావం. వాళ్లలో అందరికంటే పేరున్న సెర్జియో లియోనే ఒక్కణ్ణి చూసి ఊరుకుంటే ఈ ధోరణిలో సగమే చూసినట్టు.

పుట్టుక

అమెరికా పశ్చిమం మీద ఇటలీ వాళ్ల మోజు సినిమాతో మొదలైంది కాదు. పుచ్చీనీ కాలిఫోర్నియా బంగారు గనుల నేపథ్యంలో రాసిన ఒపేరా 1910లోనే న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన జరుపుకుంది. 1913లో రొబెర్తో రొబెర్తీ అనే మారుపేరుతో విన్చెంజో లియోనే అనే దర్శకుడు ‘లా వంపీరా ఇండియానా’ అనే మూకీ వెస్ట్రన్ తీశాడు. అందులో నటించిన బీచే వలేరియన్ ఆయన భార్య. వాళ్ల కొడుకే సెర్జియో లియోనే.

1950ల చివర్లో ఇటలీ స్టూడియోలు హెర్క్యులిస్ కథలతో, రోమన్ మల్లయోధుల కథలతో బతికేవి. కండల వీరుడు, కూలే రాతి స్తంభాలు, నాలుగు పీలికల దుస్తుల్లో రాణి. 1962–63కల్లా జనానికి అవి మొహం మొత్తాయి. అదే సమయంలో పశ్చిమ జర్మనీవాళ్లు కార్ల్ మై నవలల ఆధారంగా యుగోస్లావియాలో వెస్ట్రన్లు తీసి లాభాలు చూశారు. 1962లో వచ్చిన ‘ది ట్రెజర్ ఆఫ్ సిల్వర్ లేక్’ వాటిలో మొదటిది. హాలీవుడ్ వెస్ట్రన్లను తగ్గించుకుంటోంది కానీ యూరప్ ప్రేక్షకుడికి ఆ ఆకలి తీరలేదు. సరుకు అమెరికా నుంచి రాకపోతే మనమే తయారు చేద్దామనుకున్నారు రోమ్ నిర్మాతలు.

చేశారు గానీ, దొంగచాటుగా చేశారు. సినిమా అమెరికాదే అని నమ్మించడానికి పేర్లు మార్చుకున్నారు. 1964లో వచ్చిన ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ పేర్లలో దర్శకుడు బాబ్ రాబర్ట్‌సన్, అంటే రొబెర్తో కొడుకు అని తండ్రి మారుపేరుకు చిన్న నమస్కారం. విలన్ జాన్ మరియా వొలొంతే కాస్తా జాన్ వెల్స్ అయ్యాడు. సంగీతం ఇచ్చిన ఎన్నియో మోరికోనే డాన్ సావియో అయ్యాడు. హీరో మాత్రం సొంత పేరుతోనే కనిపించాడు. ‘రాహైడ్’ అనే టీవీ సీరియల్లో గుర్రం ఎక్కుతూ దిగుతూ ఉన్న క్లింట్ ఈస్ట్‌వుడ్, పదిహేను వేల డాలర్లకు ఒప్పుకుని వచ్చాడు.

కథ కూడా అరువుదే, అడక్కుండా తెచ్చుకున్న అరువు. ఒక ఊళ్లో రెండు ముఠాలు, రెండింటికీ పని చేస్తున్నట్టు నటించి రెంటినీ మట్టుపెట్టే అనామకుడు. ఇది అకిరా కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’. జపాన్ నిర్మాతలు దావా వేశారు. చివరికి ప్రపంచ వసూళ్లలో 15 శాతం, జపాన్ తదితర దేశాల పంపిణీ హక్కులు ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఈ గొడవ వల్ల అమెరికాలో విడుదల 1967 దాకా ఆగింది. ఆలస్యం ఒక రకంగా కలిసొచ్చింది: ఇదీ, ఇదే హీరోతో లియోనే తర్వాత తీసిన రెండూ కలిపి డాలర్ల చిత్రాలు మూడూ ఆ ఒక్క ఏడాదిలోనే వరసగా అమెరికా తెరల మీదికి వచ్చి పడ్డాయి.

లియోనే: ఆలస్యంలోని ఆనందం

సెర్జియో లియోనే (1929–1989) జీవితకాలంలో తన పేరుతో తీసినవి ఏడు సినిమాలు. వాటిలో వెస్ట్రన్లు అయిదు. ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తర్వాత 1965లో ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’, 1966లో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’, 1968లో ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’, 1971లో ‘డక్, యు సకర్’. ప్రతిదీ ముందరి దానికంటే పెద్దది, ముందరి దానికంటే నింపాదైనది.

లియోనే సినిమాలో తుపాకీ పేలడం చిటికెలో అయిపోతుంది. పేలడానికి ముందు జరిగేదే సినిమా. ఇద్దరో ముగ్గురో ఎదురెదురుగా నిలబడతారు. కళ్లు, చెయ్యి, ఒర, మళ్లీ కళ్లు. సంగీతం ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఎవరు చస్తారో మనకు తెలుసు, అయినా ఊపిరి బిగబట్టే చూస్తాం. కృష్ణరాయబారం నాటకంలో కృష్ణుడు ఏం చెప్పబోతాడో తెలియని ప్రేక్షకుడు ఉండడు; అందరూ వచ్చింది పద్యం చివర ఆ రాగం ఎంతసేపు తీస్తాడో వినడానికి. లియోనే తుపాకీ పోరాటాల రుచి కూడా అలాంటిదే. కథ కోసం తొందరపడే వాళ్లకు ఈయన విసుగు పుట్టిస్తాడు. అది వాళ్ల తప్పు కాదు, లియోనే తప్పూ కాదు.

‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ చివర వచ్చే ముగ్గురి పోరుకు స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర కొండల మధ్య సైనికుల చేత గుండ్రటి శ్మశానం కట్టించారు. వేల సమాధులు, నడిమధ్య రాళ్లు పరిచిన వలయం. అందులో ఈస్ట్‌వుడ్, లీ వాన్ క్లీఫ్, ఈలై వాలక్. అంతకుముందు వాలక్ ఆ సమాధుల మధ్య పిచ్చివాడిలా పరుగెత్తే ఘట్టం ఉంది. కెమెరా కూడా అతనితో పాటు తిరిగి తిరిగి చివరికి రాళ్లూ శిలువలూ గీతలుగా చెదిరిపోతాయి. ఆ సినిమాలో మంచివాడు, చెడ్డవాడు ఇద్దరూ భంగిమలే. మనిషి మాత్రం వాలక్ వేసిన టూకో. తిండిపోతు, అబద్ధాలకోరు, దొంగ. పాదిరీ అయిన అన్నను కలిసి తిట్లు తిని, బయటికొచ్చి అన్న తనను ఎంత ప్రేమగా చూశాడో గొప్పలు చెప్పుకుంటాడు. లియోనేలో కరుణ లేదనేవాళ్లు ఈ ఒక్క ఘట్టం చూస్తే చాలు.

‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ కథను లియోనేతో కూర్చుని అల్లినవాళ్లు బెర్నార్దో బెర్తొలూచీ, దారియో అర్జెంతో. అప్పటికి ఇద్దరూ కుర్రాళ్లు. ఒకరు తర్వాత కళాత్మక చిత్రాల్లో, ఒకరు భయానక చిత్రాల్లో పెద్దపేర్లయ్యారు. మొదట్లోనే ముగ్గురు తుపాకీ మనుషులు స్టేషన్లో రైలు కోసం చూస్తుంటారు. పది నిమిషాలకు పైగా ఏమీ జరగదు. గాలిమర కిర్రుమంటుంది, ఒకడి టోపీ మీద నీటిబొట్టు పడుతుంది, ఇంకొకడి గడ్డం మీద ఈగ వాలుతుంది. సంగీతం లేదు, ఆ చప్పుళ్లే సంగీతం. కొంతసేపటికి ఒక కుటుంబాన్ని కాల్చేస్తారు. హంతకుడి వెనక నుంచి కెమెరా చుట్టూ తిరిగి వస్తే అది హెన్రీ ఫోండా ముఖం. అమెరికా ప్రేక్షకులు దశాబ్దాలుగా నిజాయితీకి మారుపేరుగా చూసిన నటుడు ఒక పసివాడి మీద తుపాకీ ఎత్తుతాడు. ఫోండా విలన్‌లా కనిపించాలని మీసం పెంచి, కళ్లకు గోధుమరంగు లెన్సులు పెట్టుకుని వస్తే లియోనే అవన్నీ తీయించేశాడు. ఆయనకు కావలసింది ఆ నీలికళ్లే.

ఈ సినిమాకు కేంద్రం క్లాడియా కార్డినాల్ వేసిన జిల్ పాత్ర. లియోనే వెస్ట్రన్లలో నిజంగా కథను మోసిన స్త్రీ ఆమె ఒక్కతే. మొత్తం ధోరణికే ఇది లోటు. ఈ సినిమాల్లో ఆడవాళ్లు ఎక్కువగా దెబ్బలు తినడానికీ ఏడవడానికీ ఉంటారు. ఇష్టంగా చూసేవాళ్లు కూడా దీన్ని దాటవేయకూడదు.

పేదరికం నేర్పిన పనితనం

వీటి రూపం చాలావరకు ఖర్చు లెక్కల నుంచి వచ్చింది. అప్పట్లో వెడల్పాటి తెరకు తీయాలంటే ఖరీదైన ప్రత్యేక లెన్సులు కావాలి. టెక్నికలర్ సంస్థ ఇటలీ శాఖ తయారుచేసిన టెక్నిస్కోప్ పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే నాలుగు రంధ్రాల ఎత్తుకు బదులు రెండే వాడతారు. ఫిల్ము ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, మామూలు లెన్సులు సరిపోతాయి. ఆ లెన్సులతో మనిషి ముఖానికి బాగా దగ్గరగా వెళ్లొచ్చు. ముఖం తెరంతా నిండి చర్మపు గుంటలు, చెమట, ఎండకు పగిలిన పెదవులు కనిపించే ఆ క్లోజప్పులకు ఇది దారి చేసింది. మస్సీమో దల్లమానో, తర్వాత తొనీనో దెల్లీ కొల్లీ లాంటి ఛాయాగ్రాహకులు దాన్ని శైలిగా మార్చారు.

ధ్వని సంగతీ అంతే. ఇటలీలో షూటింగ్ నాడు మాటలు రికార్డు చేసే అలవాటు తక్కువ. ఒక నటుడు ఇంగ్లీషులో, ఒకడు ఇటాలియన్‌లో, ఒకడు స్పానిష్‌లో ఎవరి డైలాగు వాళ్లు చెప్పుకుపోయేవారు. అన్నీ తర్వాత డబ్బింగే. అందుకే పెదవులూ మాటలూ పొసగవు. కొత్తగా చూసేవాళ్లకు మొదట నవ్వొస్తుంది. అయితే ప్రతి చప్పుడూ స్టూడియోలో విడిగా చేయవలసి రావడంతో, ఏ చప్పుడు వినిపించాలో ఎంత పెద్దగా వినిపించాలో దర్శకుడి చేతిలోకి వచ్చింది. తుపాకులు ఫిరంగుల్లా మోగడం అందుకే.

మోరికోనే (1928–2020), లియోనే ఒకే బడిలో చదివిన పిల్లలు. ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’కు పెద్ద వాద్యబృందం పెట్టుకునే స్తోమతు లేదు. ఈల, కొరడా దెబ్బ, గంట, ఎలక్ట్రిక్ గిటారు, మగవాళ్ల కోరస్‌తో పని కానిచ్చాడు. ఆ ఈల, ఆ గిటారు అలెస్సాండ్రో అలెస్సాండ్రోనీవి. తర్వాతి సినిమాల్లో మాటల్లేకుండా పైకి ఎగిసే స్త్రీ గొంతు ఎద్దా దెల్లోర్సోది. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ నాటికి సంగీతం ముందే రికార్డు చేసి, షూటింగ్‌లో వినిపిస్తూ నటులను ఆ లయకు నడిపించే దాకా వెళ్లింది వ్యవహారం. ఈ సంగీతాన్ని సినిమా లేకుండా వినొచ్చు. సంగీతం లేకుండా ఆ సినిమాను ఊహించలేం.

స్థలాల్లో ముఖ్యమైనది దక్షిణ స్పెయిన్‌లోని అల్మెరియా, అక్కడి తబెర్నాస్ ఎడారి. చవకగా దొరికే మనుషులు, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ. కళా దర్శకుడు కార్లో సీమీ ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ కోసం అక్కడ కట్టిన ఊరు ఇప్పుడు పర్యాటకులు టికెట్టు కొని చూసే స్థలం. దుస్తులు కూడా సీమీవే. మాసిపోయి దుమ్ము కొట్టుకుపోయిన ఆ కోట్లను చూశాక పాత హాలీవుడ్ కౌబాయ్‌ల ఇస్త్రీ చొక్కాలు నమ్మబుద్ధి కాదు.

కోర్బుచ్చి: బురద, మంచు

ఈ ధోరణిలో పేరున్న ముగ్గురు సెర్జియోల్లో రెండోవాడు సెర్జియో కోర్బుచ్చి (1926–1990). లియోనే ఒక్కో సినిమాకు ఏడాది నుంచి మూడేళ్లు తీసుకుంటే ఈయన ఏడాదికి రెండు మూడు తీసేవాడు. కొన్ని నాసిరకం. కొన్నిటికి మాత్రం లియోనేకు లేని కసి ఉంది.

1966 నాటి ‘జాంగో’లో హీరోకు గుర్రం లేదు. శవపేటికను తాడుతో లాక్కుంటూ బురదలో నడుచుకుంటూ వస్తాడు. పేటికలో ఏముందో తెలిసే ఘట్టం ఈ ధోరణిలోకెల్లా అల్లరి ఘట్టం. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఫ్రాంకో నీరో దీంతో రాత్రికి రాత్రి తారయ్యాడు. చెవి కోసి తినిపించే ఘట్టం వంటివాటి వల్ల బ్రిటన్ సెన్సారు 1993 దాకా దీనికి సర్టిఫికెట్ ఇవ్వలేదు. జమైకాలో మాత్రం జనం వెర్రెత్తి చూశారు. 1969లో అక్కడి అప్‌సెటర్స్ బృందం జాంగో పేరుతో పాట చేసింది. 1972 నాటి ‘ది హార్డర్ దే కమ్’లో హీరో థియేటర్లో కూర్చుని చూసేది ఈ సినిమానే.

కోర్బుచ్చి ఉత్తమ చిత్రం మాత్రం ‘ది గ్రేట్ సైలెన్స్’ (1968). ఎడారి లేదు, ఎండ లేదు, ఇటలీ ఉత్తరాన డోలమైట్ కొండల మంచులో తీశారు. హీరో ఝాన్-లూయీ త్రెంతిన్యాఁ మూగవాడు. చిన్నప్పుడే హంతకులు గొంతు కోశారు. అతనికి ఎదురు నిలిచిన క్లౌస్ కిన్‌స్కీ, ప్రభుత్వం తలలకు కట్టిన వెలల మీద బతికే వేటగాడు. చంపే ప్రతి మనిషికీ చట్టప్రకారం రసీదు పుచ్చుకునే మర్యాదస్తుడు. ఆకలికి దొంగలై కొండలెక్కిన పేదలు ఆ వేటకు బలి. కథానాయిక నల్లజాతి నటి వొనెట్టా మెగీ, ఆ రోజుల్లో వెస్ట్రన్లలో అరుదైన సంగతి. ముగింపు ఇక్కడ చెప్పడం చూడబోయేవారికి అన్యాయం. నిర్మాతల కోసం సుఖాంతం కూడా ఒకటి తీసి పెట్టారని చెబితే, అసలుది ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

సొల్లీమా, విప్లవ వెస్ట్రన్లు

మూడో సెర్జియో సొల్లీమా (1921–2015) తీసిన వెస్ట్రన్లు మూడే. తక్కువ మందికి తెలిసినా ముగ్గురిలోనూ కథ బాగా కూర్చడం తెలిసినవాడు ఈయనే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘ది బిగ్ గన్‌డౌన్’ (1966)లో లీ వాన్ క్లీఫ్, చిన్నపిల్లను చెరిచి చంపాడన్న నేరం మీద కుచీయో అనే మెక్సికో కూలివాణ్ణి వేటాడతాడు. వేట సాగేకొద్దీ నేరం ఎవరిదో, చట్టం ఎవరి పక్షమో తేటపడుతుంది. చేతిలో కత్తి తప్ప ఏమీ లేని ఆ గడుగ్గాయి కుచీయో పాత్రను క్యూబాలో పుట్టిన తోమస్ మిలియన్ పోషించాడు. ఇటలీ పేద ప్రేక్షకులకు అతను ఆత్మబంధువయ్యాడు. ‘ఫేస్ టు ఫేస్’ (1967)లో జబ్బుచేసి గాలి మార్పు కోసం వచ్చిన చరిత్ర పాఠాల ప్రొఫెసరు మెల్లగా బందిపోటు ముఠాకు నాయకుడవుతాడు. అసలు బందిపోటుకు మనస్సాక్షి మేలుకుంటుంది. ముస్సోలినీ పాలన చూసిన తరం తీసిన సినిమా ఇది. చదువుకున్నవాడికి హింస రుచి తగిలితే ఏమవుతుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

1966–71 మధ్య మెక్సికో విప్లవం మీద వచ్చిన సినిమాల గుంపు వేరుగా ఉంది. డమియానో డమియానీ ‘ఎ బుల్లెట్ ఫర్ ది జనరల్’ (1966) వాటికి తొలి మెట్టు. స్క్రీన్‌ప్లేలో పనిచేసిన ఫ్రాంకో సొలీనాస్, అదే ఏడాది వచ్చిన ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’కూ రచయిత. తుపాకులు అమ్ముకునే మెక్సికన్ బందిపోటు, సూటు వేసుకున్న అమెరికన్ కుర్రాడు స్నేహితులవుతారు. ఆ కుర్రాడు ఎవరి కోసం పనిచేస్తున్నాడన్నదే కథ. లాటిన్ అమెరికాలో, వియత్నాంలో అమెరికా జోక్యం మీద ఇటలీ వామపక్ష యువత మండిపడుతున్న రోజులవి. కోర్బుచ్చి ఇదే ముడిసరుకుతో ‘ది మెర్సినరీ’ (1968), ‘కంపానియెరోస్’ (1970) తీసి నవ్వించాడు. లియోనే ‘డక్, యు సకర్’లో విప్లవం మీద ఆశ పెట్టుకున్నవాళ్లనే నిలదీశాడు. అది పై రెండు సినిమాలంత నవ్వించదు, వాటికంటే ఎక్కువ బాధిస్తుంది.

నవ్వుతో ముగింపు

దూచ్చో తెస్సారీ ‘ఎ పిస్టల్ ఫర్ రింగో’ (1965)లో పాలు తాగే, నున్నగా గడ్డం గీసుకునే హీరోగా జులియానో జెమ్మాను నిలబెట్టాడు. జెమ్మా, వాన్ క్లీఫ్ కలిసి నటించిన ‘డే ఆఫ్ యాంగర్’ (1967) తీసిన తొనీనో వలేరీ, లియోనే దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. గురువు ముసలి తుపాకీ వీరుడు, శిష్యుడు ఊరు ఊడ్చే కుర్రాడు. కథ ఎటు పోతుందో ముందే తెలిసినా బిగువు తగ్గదు. జాన్‌ఫ్రాంకో పరొలీనీ ‘సర్తానా’, ‘సబాటా’ సినిమాలు గారడీ ఆటల్లాంటివి, ఒక్కోటి చూస్తే చాలు.

ఈ ధోరణిని ఆకాశానికెత్తి, అదే చేత్తో ముగించినవాడు ఎన్జో బర్బోనీ. ‘జాంగో’కు కెమెరా పట్టిన ఈయన 1970లో ‘దే కాల్ మి ట్రినిటీ’ తీశాడు. చంపుళ్లు తక్కువ, చెంపదెబ్బలు ఎక్కువ. చిక్కుడు గింజల కూర పెనంతో సహా నాకేసే బద్ధకస్తుడు టెరెన్స్ హిల్, అతని భారీకాయపు అన్న బడ్ స్పెన్సర్. హిల్ అసలు పేరు మారియో జిరొత్తీ. స్పెన్సర్ అసలు పేరు కార్లో పెదెర్సోలీ, రెండు ఒలింపిక్స్‌లో ఇటలీ తరఫున ఈదినవాడు. 1971 నాటి రెండో భాగం ఇటలీలో వసూళ్ల రికార్డులు తిరగరాసింది. పెద్దవాళ్లు నవ్వారు, పిల్లలు మళ్లీ మళ్లీ చూశారు. ఆ తర్వాత మొహం చిట్లించి తుపాకీ తీసే హీరోను చూసి భయపడటం ప్రేక్షకుడికి కష్టమైంది. వలేరీ ‘మై నేమ్ ఈజ్ నోబడీ’ (1973)లో హెన్రీ ఫోండాను, టెరెన్స్ హిల్‌ను పక్కపక్కన నిలబెట్టి ఆ మార్పునే కథ చేశాడు. ఎన్జో కస్తెల్లారీ 1976లో తీసిన ‘కెయోమా’ ఆఖరి మంచి వెస్ట్రన్లలో ఒకటి.

తెలుగులో, ఇతర చోట్ల

తెలుగువాళ్లకు ఈ సినిమాల రుచి చూపించింది కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 1971లో పద్మాలయా వారు నిర్మించిన ‘మోసగాళ్లకు మోసగాడు’. డాలర్ల చిత్రాల తరహాలో నిధి వేట కథను ఆరుద్ర మన సంస్థానాల కాలానికి మలిచాడు. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా రాజస్థాన్ ఎడారిలో అల్మెరియాను వెతుక్కుంది. భారతీయ కౌబాయ్ సినిమాలకు ఇదే మొదలని చెబుతారు. 2023లో కృష్ణ జయంతికి మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. తర్వాత చిరంజీవి ‘కొదమసింహం’ (1990), మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ (2002) ఇదే దారిలో వచ్చాయి. హిందీ ‘షోలే’ (1975)లో ఠాకూర్ కుటుంబాన్ని చంపే ఘట్టానికి లియోనే ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’తో పోలిక స్పష్టం. మన సినిమాలు ఇటలీ నుంచి టోపీ, చుట్ట, ఈలపాట తీసుకున్నాయి గానీ ఆ నింపాదితనాన్ని తీసుకోలేదు. పాటలూ హాస్యమూ ఇరికించాల్సిన చోట అంతసేపు మౌనంగా కూర్చోబెట్టే ధైర్యం ఏ నిర్మాతకుంటుంది?

ఈస్ట్‌వుడ్ 1992లో తీసిన ‘అన్‌ఫర్‌గివెన్’ను తన ఇద్దరు దర్శక గురువులకు అంకితమిచ్చాడు, వారిలో ఒకరు లియోనే. క్వెంటిన్ టరంటినో ‘జాంగో అన్‌చెయిన్డ్’ (2012)లో ముసలి ఫ్రాంకో నీరో ఒక్క క్షణం కనిపించి పోతాడు. టరంటినో ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ సంగీతానికే మోరికోనేకు 2016లో ఆస్కార్ వచ్చింది. అంతకుముందు 2007లో ఇచ్చినది గౌరవ పురస్కారం.

చూడబోయేవారికి

ఈ సినిమాలు దేశానికో నిడివిలో తిరిగాయి, కాబట్టి ఏ ప్రతి అన్నది చూసుకుని మొదలుపెట్టడం మేలు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ను అమెరికాలో కత్తిరించి విడుదల చేస్తే దెబ్బతింది, ఫ్రాన్స్‌లో పూర్తి నిడివితో ఘనంగా ఆడింది. ‘ది బిగ్ గన్‌డౌన్’ ఇంగ్లీషు ప్రతిలో చాలా కోతలున్నాయి, ఇటాలియన్ ప్రతినే వెతకాలి. డాలర్ల చిత్రాలకు మాత్రం ఇంగ్లీషు డబ్బింగే నయం. ఈస్ట్‌వుడ్, వాన్ క్లీఫ్, వాలక్ గొంతులు అందులోనే ఉన్నాయి. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో ఇటలీకే పరిమితమైన ఘట్టాలను 2003లో ఇంగ్లీషు ప్రతిలో చేర్చినప్పుడు, డెబ్బై దాటిన ఈస్ట్‌వుడ్, ఎనభై దాటిన వాలక్ స్వయంగా వచ్చి తమ మాటలకు డబ్బింగ్ చెప్పారు. వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు కనుక ఆ మాటలు వేరొకరి చేత చెప్పించారు. ఆ చోట్ల ముగ్గురి గొంతులూ కాస్త తేడాగా వినిపిస్తాయి.